గుర్తుకు చట్టం ఉంది, రంగుకు ఎందుకు లేదు?

1. పల్నాటి_మాస్టారు

సభ్యులందరికీ నమస్కారం. మా ఊరి పంచాయతీ కార్యాలయంలో కిటికీ పక్కన గోడ పెచ్చులూడింది. మొన్న ఒక ధ్రువపత్రం కోసం వెళ్లి, వరుసలో నిలబడి, చాలాసేపు ఆ పెచ్చునే చూశాను. పైన తెలుపు, దాని కింద లేత నీలం, ఆ కింద పసుపు, అన్నిటికంటే అడుగున నా చిన్ననాటి సున్నం కనిపించాయి. అరంగుళం మందం కూడా లేని ఆ పొరల్లో మా ఊరిని ఏలిన ప్రభుత్వాలన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి.

అప్పటి నుంచి నన్ను ఒక ప్రశ్న వదలడం లేదు. ఎన్నికల గుర్తు విషయంలో మన దేశంలో ఎంతో కట్టుదిట్టమైన ఏర్పాటు ఉంది. ఎవరికి ఏ గుర్తు ఇవ్వాలో, ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో, పార్టీ చీలితే ఎవరికి దక్కాలో అన్నీ రాసిపెట్టి ఉన్నాయి. రంగు విషయంలో అలాంటిదేమీ కనిపించదు. జనం మాత్రం గుర్తుతో ఎంతగా పార్టీని పోల్చుకుంటారో రంగుతోనూ అంతగానే పోల్చుకుంటారు. పసుపు చొక్కా వేసుకున్న మనిషిని, గులాబీ కండువా కప్పుకున్న మనిషిని చూసి ఏ పార్టీ అని అడిగేవారు మన రెండు రాష్ట్రాల్లో ఎవరూ ఉండరు.

గుర్తు అంటే ఏమిటి, రంగు అంటే ఏమిటి, ఈ రెండూ ఓటరు మనసులో ఒకే పని చేస్తాయా, వేర్వేరు పనులు చేస్తాయా? ఏ పార్టీ మంచిది, ఏది చెడ్డది అన్న వాదనలోకి వెళ్లకుండా ఈ విషయం మీదనే మాట్లాడుకుందామని నా మనవి.

2. ఓరుగల్లు_వకీలు

మాస్టారు గారూ, చట్టం సంగతి నేను చెబుతాను. గుర్తుల వ్యవహారమంతా 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వు మీద నడుస్తుంది. రాజ్యాంగంలోని 324వ అధికరణం ఎన్నికల సంఘానికి ఇచ్చిన అధికారమే దానికి మూలం. గుర్తింపు పొందిన పార్టీలకు గుర్తులు రిజర్వు చేస్తారు. మిగిలినవి స్వేచ్ఛా గుర్తుల జాబితాలో ఉంటాయి. అభ్యర్థి పార్టీ తరఫున నిలబడ్డాడని చెప్పే బీ ఫారం గడువులోపు రిటర్నింగ్ అధికారికి అందకపోతే, జీవితమంతా ఆ పార్టీలో పనిచేసిన మనిషైనా ఆ గుర్తు మీద పోటీ చేయలేడు.

చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. గుర్తు పార్టీకి సొంత ఆస్తి కాదు. 1969లో కాంగ్రెస్ చీలినప్పుడు కాడెద్దుల గుర్తు ఎవరిదన్న తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సాదిక్ అలీ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో 1971లో తీర్పు వచ్చింది. అన్నదమ్ములు ఉమ్మడి ఆస్తిని పంచుకున్నట్లు గుర్తును పంచుకోవడం కుదరదని, చట్టసభల్లోనూ పార్టీ సంస్థల్లోనూ ఎవరికి ఎక్కువ మంది ఉన్నారన్నదే చూడాలని కోర్టు సమర్థించింది. మహారాష్ట్రలో శివసేన చీలినప్పుడు విల్లు–బాణం, ఎన్సీపీ చీలినప్పుడు గడియారం ఎవరికి దక్కాలో తేల్చడానికి ఎన్నికల సంఘం ఇదే ఉత్తర్వును పట్టుకుంది.

రంగు గురించి ఆ ఉత్తర్వులో ఒక్క ముక్క కూడా లేదు. ఏ పార్టీకీ ఏ రంగూ రిజర్వు కాదు. రేపు కొత్త పార్టీ పుట్టి పసుపు జెండా ఎగరేస్తే, ఈ ఉత్తర్వు కింద దాన్ని ఆపే దారి నాకు కనిపించడం లేదు.

3. కృష్ణలంక_వాసి

గుర్తు అసలు ఎందుకు పుట్టిందో గుర్తు చేసుకుంటే వకీలు గారు చెప్పినదానికి బలం వస్తుంది. 1951 జనగణన నాటికి దేశంలో అక్షరాస్యత 18 శాతం పైచిలుకు మాత్రమే. అక్షరం రాని కోట్లాది మంది చేత ఓటు వేయించాలన్నది మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ముందు నిలిచిన సమస్య. మొదటి రెండు సార్వత్రిక ఎన్నికల్లో ఓటు కాగితం మీద ముద్ర వేసే పద్ధతి లేదు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె ఉండేది, పెట్టె మీద అతని గుర్తు అంటించి ఉండేది. ఓటరు తెర వెనక్కి వెళ్లి తనకు నచ్చిన గుర్తున్న పెట్టెలో కాగితం వేసి వచ్చేవాడు.

మా నాయనమ్మ ఆ పెట్టెల కాలం మనిషి. ఆవిడ చివరి వరకు 'ఓటు వేశాను' అనలేదు, 'ఎద్దుల పెట్టెలో వేశాను' అనే చెప్పేది. ఆమెకు పార్టీ పేరు అక్కరలేదు, అభ్యర్థి పేరు అంతకన్నా అక్కరలేదు. కాడి కింద తలవంచిన రెండు ఎద్దులు తమ ఇంటి దొడ్లో ఉన్నవే. కంకి–కొడవలి కూడా అలాగే పొలంలోనుంచి వచ్చిన గుర్తు. 1952 నుంచి నేటి వరకు సీపీఐ దాన్ని మార్చలేదు. జనసంఘ్ ప్రమిద, ప్రజా సోషలిస్టుల గుడిసె, స్వతంత్ర పార్టీ నక్షత్రం ఆ తరానికి నోటిమాటలు. ఢిల్లీ ఎన్నికల సంఘంలో ఎం.ఎస్. సేథీ అనే చిత్రకారుడు పెన్సిలు పట్టుకుని గీసిన బొమ్మలే మన గుర్తుల్లో అనేకం. ఆయన 1992లో పదవీ విరమణ చేశారు. ఆయన గీతను దేశంలో చూడని ఓటరు ఉండడు, ఆయన పేరు తెలిసినవాళ్లు మాత్రం అతి తక్కువ.

కాంగ్రెస్ గుర్తు రెండుసార్లు మారిన తీరు మన రాష్ట్రానికి బాగా దగ్గరి విషయం. కాడెద్దులు పోయాక ఇందిరా గాంధీ వర్గానికి ఆవు–దూడ వచ్చింది. 1977 మార్చిలో ఉత్తర భారతమంతా ఆమెను ఓడించినా ఆంధ్రప్రదేశ్ 42 లోక్‌సభ స్థానాల్లో 41 ఆ ఆవు–దూడకే ఇచ్చింది. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా తరఫున గెలిచారు. 1978 జనవరిలో పార్టీ మళ్లీ చీలింది. ఆవు–దూడ ఇందిర వర్గానికి దక్కలేదు, హస్తం వచ్చింది. శాసనసభ ఎన్నికలు ఫిబ్రవరిలో. కొత్త గుర్తును పల్లెలకు చేర్చడానికి దొరికింది కొన్ని వారాలే. అయినా 294 స్థానాల్లో 175 హస్తానికి వచ్చాయి. రెండో కాంగ్రెస్‌కు జాతీయ అధ్యక్షుడు మన రాష్ట్రానికి చెందిన బ్రహ్మానందరెడ్డి గారే. అయినా ఆ పార్టీకి వచ్చినవి 30 స్థానాలు.

అరచేయి చూపిస్తే చాలు. బొమ్మ అక్కరలేదు, గోడ అక్కరలేదు, కాగితం అక్కరలేదు. ఇంత త్వరగా ఊరూరా పాకిన గుర్తు మరొకటి లేదని నా అభిప్రాయం.

4. గోదారిగట్టు

కృష్ణలంక వాసి గారి లెక్కలు సరైనవే గాని, వాటి నుంచి నాకు తోచిన అర్థం వేరు. ఏడాది తిరగకుండా గుర్తు మారినా ఓటు మారలేదంటే, ఓటరు గుర్తును కాక మనిషిని చూశాడని కదా అర్థం? ఇందిర ఎక్కడుంటే అక్కడికి ఓటు వెళ్లింది.

దీనికి ఎదురుగా ఇంకో ఉదాహరణ ఉంది. 1995లో తెలుగుదేశం చీలింది. సైకిలు చంద్రబాబు నాయుడు గారి వర్గానికి దక్కింది. 1996 జనవరి 18న ఎన్టీఆర్ కన్నుమూశారు. కొన్ని నెలలకు వచ్చిన లోక్‌సభ ఎన్నికల్లో లక్ష్మీపార్వతి గారి పార్టీ సింహం గుర్తు మీద నిలబడింది. సైకిలుకు 16 స్థానాలు వచ్చాయి, సింహానికి ఒక్కటీ రాలేదు. పార్టీ పెట్టిన మనిషి జ్ఞాపకం ఒకవైపు, ఆయన ఊరూరా తిప్పిన గుర్తు మరోవైపు నిలిచినప్పుడు జనం గుర్తు వైపే మొగ్గారు. మనిషి బతికి ఎదురుగా నిలబడినప్పుడు గుర్తు ఆయన వెనక నడుస్తుంది. మనిషి లేనప్పుడు గుర్తే ఆయన వారసత్వంగా మిగులుతుంది. నాకు అర్థమైనది ఇంతే.

5. కుంచె

నేను ముప్పై ఏళ్లు గోడ రాతలు రాసినవాడిని. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని తగ్గి ఇప్పుడు ఇళ్లకు రంగులు వేస్తున్నాను. ఇక్కడ చదువుకున్నవారు మాట్లాడుతున్నారు కాబట్టి చేతిపని చేసినవాడి మాట కూడా ఒకటి ఉండాలనిపించింది.

నోటిఫికేషన్ రాకముందే గోడలు పట్టుకునేవాళ్లం. ముందుగా ఎవరు సున్నం కొడితే గోడ వాళ్లది. సున్నం ఆరాక అంచుకు నీలిమందు కలిపిన గీత లాగితే, ఆ గోడను వేరే పార్టీవాళ్లు ముట్టుకోకూడదన్నది మా మధ్య ఉన్న కట్టుబాటు. పొడి రంగులో జిగురు కలిపి, డాల్డా డబ్బాలో పోసుకుని, ఒక రాత్రిలో ఇరవై గోడలు ముగించిన రోజులున్నాయి.

గుర్తుల్లో హస్తం తేలిక. అట్టతో కోసిన అచ్చు పెట్టి అద్దితే అయిపోతుంది, అచ్చు లేకపోతే సొంత చేయి గోడకు ఆనించి చుట్టూ గీసేవాళ్లం. కమలానికి రేకులు రెండు పక్కలా సమంగా రావాలి, లేకపోతే క్యాబేజీలా కనబడుతుంది. అన్నిటికన్నా కష్టం సైకిలు. మేకు దిగ్గొట్టి, దానికి దారం కట్టి, దారం చివర బొగ్గు పట్టుకుని చక్రం తిప్పాలి. రెండు చక్రాలూ ఒకే కొలతలో రావాలి, ఊచలు మధ్యలో కలవాలి, హ్యాండిలు తిన్నగా ఉండాలి. నేర్చుకునే రోజుల్లో మా గురువు నా చేత చెరిపించి, మళ్లీ వేయించిన బొమ్మ అదొక్కటే.

మాస్టారు గారి ప్రశ్నకు నా జవాబు ఇది. బొమ్మ చూడాలంటే మనిషి గోడకు దగ్గరగా రావాలి. రంగుకు ఆ అవసరం లేదు. బస్సు కిటికీలోంచి పోతూ పోతూ చూసినా, అర ఫర్లాంగు దూరం నుంచి చూసినా ఆ ఊరి గోడల మీద ఎవరిది పైచేయో తెలిసిపోతుంది. అందుకే పార్టీవాళ్లు మాకు డబ్బు తక్కువ ఉన్నప్పుడు 'బొమ్మ చిన్నదైనా ఫరవాలేదు, రంగు మాత్రం నిండుగా కొట్టు' అనేవారు.

6. విశ్రాంత_పీవో

ప్రిసైడింగ్ అధికారిగా అనేక ఎన్నికలు నడిపాను. కుంచె గారు చెప్పిన 'దూరం' అన్న మాటను పోలింగ్ కేంద్రం గుమ్మం దగ్గర నిలబడి చూసినవాడిని కాబట్టి కొంత కలుపుతాను.

పోలింగ్ కేంద్రానికి వంద మీటర్ల లోపల ప్రచారం నిషేధం. పార్టీలు ఓటర్లకు ఇచ్చే చీటీ తెల్ల కాగితం మీద ఉండాలి, దాని మీద అభ్యర్థి పేరు గాని గుర్తు గాని ఉండకూడదు. కండువాలు తీయించి లోపలికి పంపడం మా పనుల్లో ఒకటి. ఆ గుమ్మం దాటాక రంగు ఆగిపోతుంది. ఓటింగ్ యంత్రం మీద అంటించే కాగితంలో సైకిలు పసుపుగా ఉండదు, కారు గులాబీగా ఉండదు, కంకి–కొడవలి ఎర్రగా ఉండదు. అన్నీ నల్లటి గీతలే. నేను పనిచేసిన రోజుల్లో లోపల కనిపించే రంగులన్నీ ప్రభుత్వానివే. లోక్‌సభ ఓటుకు తెల్ల కాగితం, శాసనసభ ఓటుకు గులాబీ కాగితం, నొక్కవలసిన బటన్ నీలం, నొక్కాక వెలిగే దీపం ఎరుపు. వీటిలో దేనికీ ఏ పార్టీతోనూ సంబంధం లేదు.

ఒకసారి ఒక పెద్దావిడ లోపలికి వచ్చి, యంత్రం ముందు నిలబడి, ఎంతసేపటికీ నొక్కలేదు. సాయం కావాలా అని దూరం నుంచే అడిగాను. 'మావాళ్ల రంగు ఇందులో లేదేమయ్యా' అన్నది. ఏ రంగని నేను అడగకూడదు, ఆమె చెప్పకూడదు. 'బొమ్మ చూసుకోండమ్మా' అని మాత్రమే అన్నాను. ఇంకొంతసేపు చూసి నొక్కి వెళ్లింది. ఊరంతా రంగుతో ప్రచారం జరిగి, చివరికి ఆమె చేతికి వచ్చేసరికి రంగు లేని గీత మిగిలింది. అక్షరం రానివారికి గుర్తు ఇప్పటికీ ఎంత అవసరమో నాకు ఆ రోజు తెలిసింది.

7. పల్నాటి_మాస్టారు

పీవో గారు చెప్పినదాంతో నా ప్రశ్న నాకే కొంత స్పష్టపడింది. గుర్తు ఓటరు వెంట లోపలికి వెళ్తుంది కాబట్టి దానికి చట్టం కావలసి వచ్చింది. రంగు గుమ్మం బయటే ఆగుతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. అలాంటప్పుడు బయట రంగు చేసే పని ఏమిటి? పెళ్లి పందిరికీ పసుపే, పార్టీ పందిరికీ పసుపే. ఈ అర్థాలు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

8. డాలస్_తెలుగు

చిన్న మాట ఒకటి. ఇక్కడ అమెరికాలో ఎరుపు రిపబ్లికన్లది, నీలం డెమొక్రాట్లది. 2000 ఎన్నికల ఫలితాల సమయంలో టీవీ పటాల్లో అలా స్థిరపడింది గాని అంతకు ముందు ఛానెళ్లు తమకు తోచినట్లు వేసేవి. మా అమ్మగారు ఖమ్మం జిల్లా నుంచి వచ్చి మొదటిసారి ఆ పటం చూసినప్పుడు, మేమున్న టెక్సాస్ అంతా ఎర్రగా ఉండటం చూసి, 'ఇక్కడ మనవాళ్లు ఇంతమంది ఉన్నారా' అని సంతోషపడ్డారు. మా తాతగారు ఎర్రజెండా పట్టిన మనిషి. రంగుకు అర్థం దాని లోపల ఉండదని, చూసేవారి ఊరిలో ఉంటుందని నేను ఆ రోజు నుంచి నమ్ముతున్నాను.

9. మూసీ_ఒడ్డు

డాలస్ మిత్రుని మాటతో సగమే ఏకీభవిస్తాను. మాది నల్లగొండ జిల్లా. మా వైపు పల్లెల్లో ఎర్రటి స్తూపాలు ఊరి మొగదల ఉంటాయి. 1946 నుంచి 1951 వరకు సాగిన సాయుధ పోరాటంలో చనిపోయినవారి పేర్లు వాటి మీద ఉంటాయి. ఏటా వర్ధంతికి ఆ ఎరుపును మళ్లీ వేస్తారు. ఆ రంగు ఎవరో సమావేశంలో కూర్చుని ఎంచుకున్నది కాదు. దానికి ముందు నెత్తురు ఉంది, ఆ తరువాతే జెండా. అలాంటి రంగును, ఎన్నికల కోసం ఎంచుకున్న రంగును ఒకే త్రాసులో తూచడం సరికాదు.

అంబేద్కర్ విగ్రహానికి వేసే నీలం కూడా అటువంటిదే. ఆయన స్థాపించిన షెడ్యూల్డ్ కులాల సమాఖ్య మొదటి సార్వత్రిక ఎన్నికల్లో ఏనుగు గుర్తు మీద పోటీ చేసింది. ఇప్పుడు ఏనుగు బీఎస్పీది. ఆ పార్టీకి మా ఊళ్లో ఓట్లు లేకపోయినా, నీలి జెండా ఎగిరే వాడ మాత్రం ఉంది. ఆ జెండా పార్టీకి చెందినది కాదు, ఆత్మగౌరవానికి చెందినది.

ఇక గులాబీ. 2001 ఏప్రిల్ 27న తెరాస పుట్టినప్పుడు ఆ రంగు మన రాజకీయాల్లో ఎవరి చేతిలోనూ లేదు. ఎరుపు కమ్యూనిస్టులది, పసుపు తెలుగుదేశానిది, కాషాయం భాజపాది, ఆకుపచ్చ మజ్లిస్‌ది, మూడు రంగులు కాంగ్రెస్‌వి. మిగిలి ఉన్న రంగును తీసుకుని, పదమూడేళ్ల ఉద్యమంలో వేల సభల మీద ఆరవేసి, దానికి ఒక అర్థం కట్టారు. 2022లో పార్టీ పేరు మారింది గాని రంగు మారలేదు. పేరు కంటే రంగే జనానికి దగ్గరయిందని అక్కడ తేలిపోయింది.

10. గోదారిగట్టు

పసుపు గురించి మాస్టారు గారు అడిగారు. 1982 మార్చి 29న పుట్టిన పార్టీ పసుపును ఎంచుకోవడం వల్ల, ఆడవారి చేతుల్లో రోజూ ఉండే రంగు రాజకీయాల్లోకి వచ్చింది. గడపకు పూసేది, కాళ్లకు రాసుకునేది, పత్రిక మూలలకు అద్దేది అదే. జెండా మీద గుడిసె, నాగలి, చక్రం ఉంటాయి. దూరం నుంచి అవి కనిపించవు, పసుపే కనిపిస్తుంది. ఆసక్తి కలిగించే సంగతి ఏమిటంటే, ఎన్టీఆర్ గారు తొలి ప్రచారంలో వేసుకున్నది ఖాకీ, తరువాత కట్టుకున్నది కాషాయం. పార్టీ రంగు వేరు, ఆయన ఒంటి మీది రంగు వేరు. నేడు నాయకుడి కారు నుంచి కుర్చీ తువ్వాలు వరకు పార్టీ రంగే ఉండాలన్న పట్టుదల ఆనాడు లేదు.

కండువా గురించి కూడా చెప్పాలి. 'కండువా కప్పారు' అంటే పార్టీలో చేర్చుకున్నారని, 'కండువా మార్చాడు' అంటే పార్టీ ఫిరాయించాడని మన భాషలో అర్థం స్థిరపడింది. పత్రికల శీర్షికలు చూడండి: సైకిలెక్కారు, కారు దిగారు, కమలం గూటికి చేరారు, హస్తం అందుకున్నారు. పార్టీ పేరు రాయకుండా రాజకీయ వార్త మొత్తం రాయగల భాష మనది.

మా పెదనాన్నగారు పోయాక ఆయన ట్రంకు పెట్టె తెరిచాం. కలరా ఉండల వాసనతో మడతపెట్టిన కండువాలు మూడు దొరికాయి. మొదట కాంగ్రెస్, మధ్యలో ప్రజారాజ్యం, మళ్లీ కాంగ్రెస్. మూడోసారి ఆయన ఎక్కడికీ వెళ్లలేదు. 2011లో ప్రజారాజ్యమే కాంగ్రెస్‌లో కలిసింది. రైలింజను గుర్తు కోసం మండుటెండలో తిరిగిన మనిషి, కదలకుండానే పాత కండువాకు తిరిగి వచ్చారు. ఆ మధ్య కండువాను మాత్రం ఆయన అన్నిటికన్నా జాగ్రత్తగా, తెల్ల గుడ్డలో చుట్టి పెట్టుకున్నారు.

11. ఓరుగల్లు_వకీలు

గుర్తుకు చట్టం ఉన్నంత మాత్రాన చిక్కులు లేవనుకోకూడదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో భువనగిరిలో కారు గుర్తు అభ్యర్థి 5,219 ఓట్ల తేడాతో ఓడిపోయారు. అదే స్థానంలో రోడ్డు రోలరు గుర్తుకు 27 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. నల్లటి గీతలో, చిన్న చదరంలో, చూపు మందగించినవారికి ఆ రెండూ ఒకేలా కనిపిస్తాయన్నది ఆ పార్టీ వాదన. 2022 మునుగోడు ఉపఎన్నికలో రోడ్డు రోలరు ఒక అభ్యర్థికి వచ్చింది, రిటర్నింగ్ అధికారి దాన్ని మార్చారు, ఎన్నికల సంఘం తప్పుపట్టి తిరిగి ఇప్పించింది. 2023 అక్టోబరులో ఆ గుర్తుల మీద వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు స్వీకరించలేదు.

జనసేనకు గాజు గ్లాసు విషయంలో ఇంకో రకం ఇబ్బంది వచ్చింది. 2024లో ఆ పార్టీకి ఇంకా గుర్తింపు లేకపోవడంతో, అది పోటీ చేయని చోట్ల గ్లాసు స్వతంత్రుల చేతికి వెళ్లింది. పొత్తులో ఉన్న పార్టీలు హైకోర్టుకు వెళ్లాయి. ఆ ఎన్నికల్లో పోటీ చేసిన 21 శాసనసభ స్థానాలూ, రెండు లోక్‌సభ స్థానాలూ గెలిచాక గాని ఆ గ్లాసు వారికి స్థిరంగా దక్కలేదు.

ఇక్కడ పీవో గారి మాటకు ఒక చేర్పు. కారుకూ రోలరుకూ తేడా తెలిపే గులాబీ రంగు ఆ కాగితం మీద లేదు. రంగు లేకపోవడం నిష్పాక్షికతకు మంచిదే గాని, దానికీ ఒక ధర ఉంది.

12. కృష్ణలంక_వాసి

రంగు అర్థాన్ని ప్రకటన ద్వారా మార్చవచ్చా అన్నది నాకు ఈ చర్చలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. మా ఊరే దీనికి సాక్షి. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ సమావేశం జరిగినప్పుడు పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనా ఇచ్చారు. అందులో ఎరుపు, ఆకుపచ్చ ఉన్నాయి. అవి హిందువులకు, ముస్లిములకు సంకేతాలని అప్పట్లో చెప్పుకున్నారు. మిగిలిన మతాలకు గుర్తుగా తెలుపు చేరింది. ఆ లెక్క ప్రకారం మా రంగు ఏదని అడిగేవారు పెరిగారు. చివరికి 1931లో కాంగ్రెస్ తీర్మానం చేసి, ఎరుపు స్థానంలో కాషాయం పెట్టి, ఈ రంగులకు మతపరమైన అర్థం లేదని, కాషాయం ధైర్యానికి, త్యాగానికి, తెలుపు శాంతికి, సత్యానికి సంకేతాలని, ఆకుపచ్చకూ అలాగే ఒక కొత్త అర్థాన్ని ప్రకటించింది. జనం ఆ అర్థాన్ని స్వీకరించారు. మనం బడిలో నేర్చుకున్నది దాని కొనసాగింపే.

దీని పక్కన 2020 నాటి సంగతి పెట్టి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ భవనాలకు అధికార పార్టీ జెండా రంగులు వేశారని వ్యాజ్యం వచ్చింది. ఆ రంగులు తీసేయాలని హైకోర్టు మార్చిలో చెప్పింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. ఏప్రిల్‌లో ప్రభుత్వం 623 నంబరు జీవో ఇచ్చింది. పాత రంగులకు ఎర్రమట్టి రంగు ఒకటి కలిపి, నీలం ఆక్వా సాగుకు, ఆకుపచ్చ పంటలకు, తెలుపు పాడికి, నాలుగోది నేలకు సంకేతమని వివరించింది. హైకోర్టు మే నెలలో ఆ జీవోను కొట్టివేసింది. జూన్‌లో సుప్రీంకోర్టు కూడా ఆ రంగులు తొలగించాల్సిందేనని చెప్పింది.

రెండు చోట్లా పని ఒకటే: ఉన్న రంగుకు కొత్త అర్థం చెప్పడం. మొదటిది నిలబడింది, రెండోది నిలబడలేదు. మొదటిదాంట్లో, ఒక వర్గానికి చెందినదనుకున్న రంగును అందరికీ ఇచ్చారు. రెండోదాంట్లో, అందరికీ చెందిన గోడ మీద ఒక పార్టీ రంగు ఉంచి, దానికి అందరి అర్థం చెప్పబోయారు.

13. మూసీ_ఒడ్డు

కృష్ణలంక వాసి గారి పోలిక నాకు నచ్చింది. అయినా ఈ తప్పును ఒక్క పార్టీ మీద పెట్టి ఊరుకోకూడదు. పాలించిన పార్టీలన్నిటి మీదా ఇటువంటి ఫిర్యాదు ఏదో రూపంలో వచ్చింది. ఇది మన రెండు రాష్ట్రాలకే పరిమితమైన జబ్బు కూడా కాదు. 2012లో ఉత్తరప్రదేశ్ ఎన్నికల ముందు లక్నో, నోయిడాల్లోని ఏనుగు విగ్రహాలకు ముసుగులు వేయాలని ఎన్నికల సంఘం ఆదేశించింది. రాతి ఏనుగులకు గుడ్డ చుట్టిన ఆ ఫొటోలు నాకు ఇంకా గుర్తున్నాయి. విగ్రహానికి ముసుగు వేయవచ్చు, భవనం రంగుకు ఏ ముసుగు వేస్తారు?

14. ధర్మపురి_రమ్య

పార్టీ గుర్తులు లేని ఎన్నిక గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నాను. సర్పంచి, వార్డు సభ్యుల ఎన్నికలు పార్టీ రహితంగా జరుగుతాయి. మా తెలంగాణలో అభ్యర్థుల పేర్లను తెలుగు అక్షరక్రమంలో పెట్టి, జాబితాలో ఉన్న వరుసలోనే గుర్తులు ఇస్తారు. సర్పంచికి ఉంగరం, కత్తెర, బ్యాటుతో మొదలవుతుంది. ఎంచుకునే వీలు ఉండదు.

మా అమ్మ వార్డు సభ్యురాలిగా నిలబడినప్పుడు ఆమెకు స్టూలు వచ్చింది. ఇంట్లోని చెక్క స్టూలును చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి వాకిట్లో స్టూలు వేసుకుని కూర్చుని, మంచినీళ్ల పైపు గురించి, మురుగు కాలువ గురించి మాట్లాడేది. లేచేటప్పుడు 'నేను కూర్చున్న దానికే ఓటేయండి' అనేది. ఆమెకు జెండా లేదు, రంగు లేదు. ఎదుటి అభ్యర్థికీ అధికారికంగా లేదు. కాని ఆయన వెంట తిరిగినవారి భుజాల మీద కండువాలు ఉన్నాయి, రంగు ఏ పార్టీదో అందరికీ తెలుసు. గుర్తును చట్టం పక్కన పెట్టించగలిగింది గాని, రంగును పెట్టించలేకపోయింది.

15. పల్నాటి_మాస్టారు

రమ్య గారూ, మీ అమ్మగారి స్టూలు ముందు నా ప్రశ్న చిన్నబోయింది.

ఇంతవరకు చదివాక నా అభిప్రాయం ఇది. రంగును ఏ పార్టీకీ రాసి ఇవ్వకూడదు. పసుపును, ఎరుపును, నీలాన్ని కాగితం మీద పెట్టి పంచుకోవడం మొదలైతే ఇంటికి వేసుకునే సున్నానికి కూడా అనుమతి అడగాల్సి వస్తుంది. కాని పన్నుల డబ్బుతో కట్టిన గోడ, బడి, ఆసుపత్రి, నీళ్ల ట్యాంకు మీద అధికారంలో ఉన్న పార్టీ జెండా రంగుల కలయిక కనిపించకూడదని ఒక శాశ్వత నియమం ఉండాలి. ప్రతిసారీ ఎవరో కోర్టుకు వెళ్లి, తీర్పు వచ్చేవరకు ఎదురుచూడటం కాక, ఏ ప్రభుత్వం వచ్చినా మారని ఒక రంగును చట్టసభే నిర్ణయించాలి.

కుంచె గారూ, మా పంచాయతీ గోడకు ఈసారి తెల్లసున్నమే వేయించాలని ఊళ్లో కొందరం అనుకుంటున్నాం. కింద ఉన్న నీలం, పసుపు బయటికి కనబడకుండా ఉండాలంటే ఏం చేయాలి?

16. కుంచె

మాస్టారు గారూ, ఉన్న రంగుల మీద నేరుగా సున్నం కొడితే పట్టదు. ఆయిలు కలిసిన పెయింటు మీద సున్నం నిలవదు, మొదటి వానకే పొరలుగా లేస్తుంది. మీరు చూసిన పెచ్చు అలా లేచిందే అయి ఉంటుంది.

ముందు ఇనుప బ్రష్షుతో, ఆ తరువాత గరుకు కాగితంతో గోడ మొత్తం రుద్దించండి. వదులుగా ఉన్నదంతా సిమెంటు పూత కనిపించేదాకా రాలిపోవాలి. నీళ్లతో కడిగి రెండు రోజులు ఎండనివ్వండి. ఆపైన ప్రైమరు ఒక కోటు, అది ఆరాక తెలుపు రెండు కోట్లు వేయించండి. నీలం ఉన్న చోట మూడో కోటు కూడా కావాలి, నీలం అంత త్వరగా లొంగదు. పసుపు పైకి తేలదు గాని సాయంత్రం ఎండలో తెలుపు కొంచెం వెచ్చగా కనిపిస్తుంది, దానికి కంగారుపడకండి. కార్తీక మాసం దాటాక, వానలు వెనకపడ్డాక మొదలుపెడదాం. కూలీ నాకేమీ వద్దు, నేనే వస్తాను. గోడ ఎంత పొడవో, ఎత్తు ఎంతో కొలిచి రాయండి.